మైకులో నేను చేసిన ముగింపు ప్రార్థన

మీరు ఎప్పుడైనా దేవుడితో మాట్లాడుతున్నట్టు నటిస్తూ అత్తగారిని దులిపేశారా? నేను దులిపేశాను. అదీ మైకు పట్టుకుని, అరవై మంది కళ్లు మూసుకుని భక్తిగా "ఆమెన్" అంటూ ఉండగా, ఇబ్రహీంపట్నంలో మా వీధి వీధంతా వినేలా దులిపేశాను. ఆ ఘోరం ఎలా జరిగిందో చెబుతాను. విన్నాక మీరు నా పక్షాన ఉంటారో అత్తమ్మ పక్షాన ఉంటారో మీ ఇష్టం. కానీ బొప్పాయి ఆకు సంగతి వచ్చేదాకా తీర్పు మాత్రం చెప్పకండి.

అప్పటికి నాకు పెళ్లయి రెండేళ్లు. ముక్కు మీద కోపం, నోటి నిండా మాటలు, బుర్రలో మాత్రం పెద్దగా ఏమీ లేదు. మా అత్తమ్మ సువార్తమ్మకు డెంగీ వచ్చి దవాఖానలో పడింది. తొమ్మిది రోజులు. మా ఆయన ప్రభాకర్ పొద్దున డ్యూటీకి పోతే దీపాలు పెట్టే వేళకు గానీ రాడు. మా మామ రాజయ్య టైలరు, మాట తక్కువ మనిషి. ఆయనకు దవాఖాన వాసన పడదు. గేటు దాకా వచ్చి, "కండ్లు తిరుగుతున్నయే" అని అక్కడి నుంచే వెనక్కి తిరిగేవాడు. ఇంక మిగిలింది ఎవరు? నేను.

తొమ్మిది రోజులు నేను ఆ ఇనుప బెంచీ మీద వంకరగా పడుకున్నాను. నర్సుతో పోట్లాడి దుప్పటి మార్పించాను. పొద్దున్నే ఇంటికి పరుగెత్తి, గంజి కాచి, బొప్పాయి ఆకు దంచి, పసరు తీసి, సీసాలో పోసుకుని మళ్లీ పరుగు. ఆ పసరు అత్తమ్మ తాగనంటే తాగనని మొండికేసేది. ముక్కు పట్టుకుని తాగిస్తే సగం మింగి, మిగతా సగం నా కొత్త చీర మీద ఊసింది. ఆ మరక ఇవాళ్టికీ పోలేదు. కావాలంటే చూపిస్తాను.

సరే, దేవుడి దయ వల్ల అత్తమ్మ లేచి కూర్చుంది. ఇంటికి రాగానే మొదటి మాట, "కృపా, కృతజ్ఞత కూడిక పెట్టుకుందాం పిల్లా. దేవుడు నన్ను లేవట్టిండు."

మాలో ఎవరైనా గండం గడిచి బయటపడితే ఇలా చేస్తాం. సంఘాన్నంతా ఇంటికి పిలుస్తాం. పాటలు, వాక్యం, తర్వాత సాక్ష్యం, ముగింపు ప్రార్థన, ఆఖరున భోజనం. సాక్ష్యం అంటే బాగుపడ్డ మనిషి లేచి నిలబడి దేవుడు చేసిన మేలు చెప్పడం, ఆయన ఎవరెవరి చేతుల మీదుగా ఆ మేలు చేశాడో పేరుపేరునా చెప్పడం. సాక్ష్యంలో పేరొచ్చిన మనిషి నెల రోజుల పాటు చర్చిలో నడిచే తీరే వేరుగా ఉంటుంది. నాకూ ఆ నడక నడవాలని ఆశ. నవ్వకండి. నిజంగా ఆశే. ఈ ఇంటికి వచ్చి రెండేళ్లయింది, అత్తమ్మ నోటి నుంచి ఒక్క మంచిమాట నలుగురిలో వినలేదు. ఈసారి తప్పదనుకున్నాను. దానికోసమే ఉతికి ఇస్త్రీ చేసిన చీర కట్టుకున్నాను.

ఆదివారం ఆరాధన అయిపోగానే మా వాకిట్లో షామియానా కింద అందరూ కూర్చున్నారు. చర్చి నుంచి మైకు తెచ్చారు, మేడ పిట్టగోడ మీద పెద్ద స్పీకరు బాక్సు పెట్టారు. పొద్దున్నుంచి ఉల్లిగడ్డలు కోసి, బగార అన్నం, కోడికూర దించి, పొగకు ఎర్రబడ్డ కళ్లతో నేను ముందు వరుసలో కూర్చున్నాను. పేరు పిలవగానే లేవడానికి వీలుగా ఉంటుందని.

అత్తమ్మ కొంగు తలమీద కప్పుకుని లేచింది. "దేవుని నామానికి మహిమ కలుగును గాక. సంఘానికి వందనాలు. ముందుగాల ఆ దేవునికి కృతజ్ఞత. దినాం ప్రార్థన చేసిన అయ్యగారికి కృతజ్ఞత."

"స్తోత్రం," అన్నారు అయ్యగారు. అంటే మా పాస్టరు గారు.

"మన్నెగూడ నుంచి యాపిల్ పండ్లు పట్టుకొని వచ్చిన నా బిడ్డ శాంతకు కృతజ్ఞత."

మా ఆడబిడ్డ శాంత వదిన వినయంగా తల దించుకుంది. తొమ్మిది రోజుల్లో ఒక్క పూట వచ్చింది. కబుర్లు చెబుతూ ఆ పండ్లలో నాలుగు తనే తినేసింది.

"పాణం పోయెటట్టున్న నన్ను జెప్పున దవాఖానకు చేర్చిన యాచారం ఆటో పిలగానికి కృతజ్ఞత. బొప్పాయి ఆకిచ్చిన పక్కింటి యాదమ్మకు కృతజ్ఞత."

ఇదిగో, వచ్చింది బొప్పాయి ఆకు. ఆకు ఇచ్చిన యాదమ్మకు కృతజ్ఞత! మరి దాన్ని దంచింది ఎవరమ్మా? ఆకే నడుచుకుంటూ వచ్చి సీసాలో దూకిందా? సరే, ఇప్పుడు నా పేరు వస్తుందని వెన్ను నిటారుగా పెట్టి కూర్చున్నాను.

"ఇగ ఆఖరుకు, దవాఖానల నా మంచం మీద ఫ్యాను తొమ్మిది దినాలు ఆగకుంట తిరిగింది. పక్క మంచాలోళ్ల ఫ్యాన్లు ఖరాబైనయ్, నాది ఖరాబు గాలే. గందుకు గూడ దేవునికి స్తోత్రం. నా సాక్ష్యం ఇంతే."

ఇంతే! ఫ్యానుతో అయిపోయింది! అందరూ చప్పట్లు కొట్టారు. నాకు అరికాలి నుంచి నడినెత్తి దాకా మండింది. అప్పుడే, ఏ గడియలో తోచిందో గానీ, అయ్యగారు మైకు నా చేతికిచ్చారు.

"ముగింపు ప్రార్థన ఈ ఇంటి కోడలు చేస్తది. చిన్నగ చెయ్యమ్మా, అన్నం సల్లారుతది."

ప్రార్థనకు ఒక కట్టుబాటు ఉంది. మొదలయ్యాక ఎవరూ కళ్లు తెరవరు, ఎవరూ అడ్డు రారు. చేసే మనిషి "ఆమెన్" అని ముగించేదాకా సంఘానికి విడుదల లేదు. అంటే నన్ను ఆపే మనిషి ఈ భూమ్మీద లేడు. ఆ సంగతి నాకు మైకు పట్టుకున్నాక అర్థమైంది.

"ప్రేమగల పరలోకపు తండ్రీ, నీ నామమునకు స్తోత్రములు," అని పద్ధతిగానే మొదలుపెట్టాను.

"స్తోత్రం!" అంది సంఘం.

"మా అత్తమ్మను మరణపు అంచుల నుండి లేవనెత్తినావు, నీకు వందనములు."

"ఆమెన్!"

"బొప్పాయి ఆకు ఇచ్చిన యాదమ్మక్కను దీవించుము."

"ఆమెన్!"

"ఆ ఆకును కడిగి, దంచి, గుడ్డల వడగట్టి, ఆ చేతులతోటి ఏం తిన్నా చేదైన మనిషి ఎవరో నీకు ఎరుకే తండ్రీ. ఆమె చీర మీద మరక గూడ నీకు ఎరుకే. ఆమెను జర యాది చేసుకో."

"ఆమెన్..." ఈసారి సగం మందే అన్నారు. నా భాష పరలోకం నుంచి ఇబ్రహీంపట్నానికి దిగిపోయిందని నాకే తెలియలేదు.

"యాపిల్ పండ్లు తెచ్చిన మా వదినను దీవించు తండ్రీ. నాలుగు పండ్లు తనే తిన్నది. గది గూడ నువ్వు చూసినవ్."

మగవాళ్ల వైపు నుంచి ఎవరో కిసుక్కున నవ్వారు. అయ్యగారు నన్ను ఆపాలని "ఆమెన్, ఆమెన్, ఆమెన్" అని గబగబా అన్నారు. నేనేమో ఆయనకు ఆత్మ కదిలిందనుకుని గొంతు ఇంకా పెంచాను.

"ఇనుప బెంచీ మీద పండుకొని నడుం పట్టుకపోయినోళ్లను మనుషులు మర్చిపోతరు, నువ్వు మర్చిపోవు! ఫ్యానుకు గూడ కృతజ్ఞత దొరికింది తండ్రీ! మూడు రెక్కల ఫ్యానుకు దొరికింది, రెండు చేతుల కోడలికి దొరకలే! ఆమెన్!"

మేడ మీది బాక్సు మాత్రం "ఆమెన్" అని మోగి ఊరుకుంది. కళ్లు తెరిచి చూస్తే అందరి కళ్లూ ఎప్పుడో తెరుచుకుని ఉన్నాయి. ప్రభాకర్ ఒక్కడే రెండు చేతుల్లో ముఖం దాచుకుని, ఇంకా ప్రార్థనలోనే ఉన్నట్టు కూర్చున్నాడు.

"అయిందా?" అంది అత్తమ్మ.

"అయింది," అన్నాను.

"ఇంట్లోళ్లకు కృతజ్ఞత చెప్తరా పిల్లా? నా కుడిచెయ్యి నా నోట్ల ముద్ద వెడ్తే చెయ్యికి దండం వెడ్తనా? కృతజ్ఞత బయటోళ్లకు చెప్తరు. నువ్వు బయటిదానివా?"

మాట బాగానే ఉంది. కానీ అది నాకంటే ముందు శాంత వదినకు తగిలింది. ఆమె విసురుగా లేచింది.

"ఆగమ్మా. మరి నాకెందుకు చెప్పినవ్? అంటే నేను బయటిదాన్నా?"

"గట్ల గాదు బిడ్డా. నువ్వు పెండ్లయి పోయినవ్ గదా..."

"పోతే? మన్నెగూడ ఏమన్న దుబాయిల ఉన్నదా? బస్సెక్కితే అరగంట! కన్నబిడ్డ బయటిదాయె, నిన్నగాక మొన్న వచ్చిన కోడలు నీ కుడిచెయ్యాయె!"

ఇంతలో గోడ మీంచి యాదమ్మ తల లేచింది. స్పీకరు పుణ్యమా అని అంతా విన్నట్టుంది.

"ఏం సువార్తమ్మా! ఇరవై ఏండ్ల సంది గోడకు గోడ ఉన్నం. పండుగకు నువ్వు కేకు పంపుతవ్, బతుకమ్మకు నేను సత్తుపిండి పంపుత. నేను బయటిదాన్నా? నా చెట్టు మొత్తం బోడి చేసుకపోయింది గదనే మీ కోడలు!"

అయ్యగారు గొంతు సవరించుకున్నారు. "మరి నాకు గూడ చెప్పినవ్ గదా అమ్మా. పన్నెండేండ్ల సంది ఈ సంఘంల..."

అత్తమ్మ అటూ ఇటూ చూసింది. అప్పుడు మా మామ, సంవత్సరానికి నాలుగు మాటలు మాట్లాడే మామ, నెమ్మదిగా అన్నాడు. "అందరికంటె ముందుగాల దేవునికి చెప్పినవ్ గదనే. ఆయన గూడ బయటోడేనా?"

ఆఖరికి అయ్యగారే, "అన్నం వడ్డించుండ్రి," అన్నారు. ఆ రోజు ఆయన చెప్పిన వాక్యాలన్నిటిలో మనసులకు హత్తుకున్నది అదే.

అక్కడితో అయిపోతే ఈ కథ చెప్పే పని లేదు. మర్నాడు పొద్దున అత్తమ్మకు చాయ ఇచ్చాను. ఆమె లేచి నిలబడి, రెండు చేతులతో కప్పు అందుకుంది.

"చాయ ఇచ్చినందుకు మీకు కృతజ్ఞతలు, కృపగారూ."

"ఏందత్తమ్మా గిది?"

"చెప్పలేదని మీరే అంటిరి గదా. ఇగ కొదువ ఉండదు."

గిన్నెలు తోమబోతే చెయ్యి పట్టుకుని ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టింది. "మీరు చుట్టాలు. చుట్టాలు గిన్నెలు తోముతరా? కూసోండ్రి." కూరగాయలామె వస్తే, "మా ఇంటికి వచ్చిన పెద్దమనిషి, కృపగారు," అని పరిచయం చేసింది. ఉన్నమాట చెప్పాలంటే మొదటి రోజు నాకు బాగానే ఉంది. కాలు మీద కాలేసుకుని కూర్చున్నాను. రెండో రోజు మధ్యాహ్నానికి ఆ "గారు" వినిపిస్తే చెవుల్లో సీసం పోసినట్టు ఉండేది. నామీద కోపమొస్తే కసరదు, తలుపు చప్పుడు చేస్తే విసుక్కోదు. నా ఇంట్లో నేను అద్దెకు దిగినట్టు అనిపించింది. మామ మిషను మీద తల వంచి భుజాలు కదిలేలా నవ్వుకుంటున్నాడు. ప్రభాకర్‌తో చెప్పుకుంటే, "మైకుల చెప్పు, బాగ ఇనిపిస్తది," అన్నాడు.

మూడో రోజు తెగించి వంటింట్లో దూరి, చారు కాచి, అందులో రెండు గుప్పిళ్ల ఉప్పు వేశాను. కావాలనే వేశాను. అత్తమ్మ ఒక ముద్ద నోట్లో పెట్టుకుంది. కళ్లలో నీళ్లు తిరిగాయి. మింగింది.

"మస్తు రుచిగున్నది. దేవుడు మీ చేతులను దీవించును గాక."

నేను అక్కడే నేల మీద కూలబడి ఏడ్చేశాను. "తిట్టు అత్తమ్మా! జర తిట్టు! నీకు దండం వెడ్త, నన్ను ఏమన్న అను!"

ఆమె కంచం పక్కకు జరిపింది.

"కృపా, నువ్వు రెండు ప్రార్థనలు చేసినవ్. మైకుల చేసింది వాడకట్టంత ఇన్నది. ఇంకోటి, దవాఖానల ఐదో నాడు పగటిపూట, నేను పండుకున్న అనుకొని నా మంచం పక్కపొంటి మోకాళ్లూని చేసినవ్. 'ఈమెను తీసుకపోకు తండ్రీ, ఈమె లేకుంటే ఆ ఇంట్ల నాకెవరున్నరు' అన్నవ్. అన్నవా లేదా?"

అన్నానని తలూపాను.

"గది నేనిన్న. గది నాకూ దేవునికీ నడుమనే ఉండాలనుకున్న. గందుకే సాక్ష్యంల నీ పేరు తియ్యలే. తీస్తే ఏడుపొచ్చి మాట పడిపోతదని ఫ్యాను మీదికి పోయిన." కొంగుతో ముక్కు తుడుచుకుంది. తర్వాత గొంతు ఒక్కసారిగా పెంచింది. "ఇగ ఆ చారుల ఉప్పేందే! కండ్లు యాడ వెట్టుకున్నవ్? ఇల్లు చూడు ఎట్ల పాడువడ్డదో! మూడు దినాల సంది కుర్చీల కూసుంటవా, సిగ్గు లేకుంట? లేచి గిన్నెలు తోము!"

అంత కమ్మని తిట్లు నేను మళ్లీ వినలేదు. ఏడుస్తూ నవ్వుతూ గిన్నెలన్నీ తోమాను. తోమినవి కూడా మళ్లీ తోమాను.

కనుక, ఇది చదువుతున్న పెద్దలందరి ఎదుటా తల మీద కొంగు కప్పుకుని ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట నా ఇంట్లో ఎవరి నుంచీ కృతజ్ఞత అడగను. ముగింపు ప్రార్థన మూడు మాటలకు మించనివ్వను. ఆ మూడు మాటల్లో పండ్లు, ఆకులు, బెంచీలు రానివ్వను. అయినా మా అయ్యగారు ఆ రోజు నుంచి ఇవాళ్టి వరకు నాకు ప్రార్థన అప్పగించేటప్పుడు మైకు ఇవ్వడం లేదు. అత్తమ్మను క్షమించాను, వదినను క్షమించాను. ఆ ఫ్యానును మాత్రం క్షమించేది లేదు. ఆమెన్.