చేప ముట్టని రోజులు

పోయిన శుక్రవారం కువైట్ సిటీ చేపల మార్కెట్‌లో జుబేదీ చేపలు, అంటే మన చందువలే, తూకం వేయించి, శుభ్రం చేయించుకోవడానికి వరసలో నిలబడి ఉండగా ఫోన్‌లో కబురు వచ్చింది. ఒకప్పుడు మా స్కూలు లైబ్రరీ చూసుకుని, ఆ తర్వాత మనీలా దగ్గర సొంతూరికి వెళ్ళిపోయిన నా స్నేహితురాలు కన్నుమూసిందని ఆమె కూతురు రాసింది. చదివి, ఫోను సంచిలో వేసుకున్నాను. ఏమీ అనిపించలేదు.

నా వయసు వాళ్ళకు ఈ మొద్దుబారడం కొత్తేమీ కాదు. కానీ ఆమె విషయంలో కూడా ఇలా అవుతుందని నేననుకోలేదు.

కువైట్‌లోనే రిగ్గై అనే పేటలో మా రెండు ఫ్లాట్లకూ మధ్య ఒకటే గోడ. నేను పిల్లలకు చరిత్ర చెప్పేదాన్ని, ఆమె దూరవిద్యలో చరిత్ర ఎం.ఏ. కట్టి, స్పెయిన్ వాళ్ళు రాకముందు తన టగాలోగ్ జనం ఎలా బతికారన్నది పరిశీలనకు తీసుకుంది. ఆ పూర్వీకులు వెదురు మీద రాసుకున్నవేవీ మిగల్లేదు కనుక, వాళ్ళ మతం మార్చడానికి వచ్చిన పాదిరీల రాతలే దిక్కయ్యాయి. సాయంత్రం స్కూలు బస్సు దిగి, టీ పెట్టుకుని, ప్రింటు తీసిన ఆ కాగితాలు ముందేసుకునేవాళ్ళం. నాలో పంతులమ్మ ఊరుకోదు కదా, రాసిందెవరు, ఎవరి మెప్పు కోసం, కళ్ళారా చూసిందేది, ఎవరో చెబితే విన్నదేది అంటూ ఆమె చేత వాక్యం వాక్యానికీ పెన్సిల్ గీత గీయించేదాన్ని. పెళ్ళికొడుకే కట్నం ఇచ్చి, పైగా అత్తవారింట చాకిరీ చేసేవాడన్న చోటికి వచ్చేసరికి మావారు పేపరు పక్కన పెట్టి, “ఆ కాగితం మీ నాన్నగారికి చూపించకు, ఇప్పుడైనా పనికి పిలుస్తారు” అనేవారు.

ఇంట్లో మనిషి పోతే వాళ్ళు చేపా మాంసమూ మాని ఉత్త కూరగాయలతో గడిపేవారని ఒక పేజీలో ఉంది. అది వెర్రి నమ్మకమని పాదిరీ రాశాడు. ఆమె ఆ మాట కింద గట్టిగా గీత గీసి, “మమ్మల్ని తప్పు పట్టడానికే రాశాడు ఆతే, కానీ రాయకపోతే మా ముత్తవ్వలు నాకు తెలిసేవాళ్ళే కాదు” అంది. ఆతే అంటే వాళ్ళలో అక్క. ఇప్పుడు ఆ ఆచారం ఎవరికీ లేదనీ, వాళ్ళమ్మ పోయినప్పుడు వచ్చినవాళ్ళందరికీ మాంసమే వండి పెట్టామనీ కూడా చెప్పింది.

ఆ మరుసటి వేసవిలో మావారు ఆఫీసులో కుర్చీలోనే ఒరిగిపోయారు. విజయవాడ తీసుకెళ్ళాక మా పెద్దమ్మ నా భుజాలు పట్టుకుని, “ఏడవ్వే తల్లీ, లోపల దాచుకోకే” అని కుదిపింది. నాకు రాలేదు. కర్మకాండలయ్యాక పిల్లాడి చదువు కోసం మళ్ళీ వచ్చి ఉద్యోగంలో చేరాను, పాఠాలు చెప్పాను, ఈ దేశంలో ఉండనిచ్చే ఇఖామా కాగితాల మీద సంతకాలు పెట్టాను, అన్నీ ఎవరివో పనుల్లా చేశాను.

అయితే పక్క వంటింటి నుంచి వేపిన ఎండుచేప వాసన రావడం లేదని కొన్నాళ్ళకు గాని గమనించలేదు. మావారు రోజూ ముక్కు మూసుకుని విసుక్కున్న వాసన అది. వెళ్ళి చూస్తే, చేప లేకుండా ముద్ద దిగని మనిషి, గిన్నెలో ఉడకేసిన గుమ్మడికాయ ముక్కలు తింటోంది. “ఆయన నీకేమవుతాడని పాదిరీ అడిగేవాడేమో,” అంది, “నేను మాత్రం తినను ఆతే.” అక్కడే గోడకి చేరగిలబడి కూర్చుని ఏడ్చాను, అంతకుముందు రానిదంతా.

ఆ గోడ అవతల ఇప్పుడెవరుంటున్నారో నాకు తెలియదు. తలుపు ముందు డెలివరీ సంచులు కనిపిస్తాయి, ఏ వంట వాసనా రాదు.

ఆ శుక్రవారం చేపలు వద్దని వెనక్కిచ్చేసి, గుమ్మడికాయ ముక్క కొనుక్కుని ఇంటికొచ్చాను. ఎన్నాళ్ళు పాటించాలో మేం చదివిన కాగితంలో లేదు. ఆమె మళ్ళీ ఎప్పుడు చేప వండుకుందో, ఏడ్చి తేలికపడ్డ నేను చూసుకోలేదు, అడుగుదామంటే ఆమె లేదు. రోజూ గుమ్మడికాయే ఉడకేసుకుంటున్నాను. ఏడుపు ఇంకా రాలేదు.