సూరమ్మ చవితి నైవేద్యం

రాయపూర్ రైల్వే కాలనీ సూరమ్మ నాగులచవితినాడు పాముకు ఎలుకను నైవేద్యం పెట్టింది. పెట్టిందంటే మరీ చేతులారా కాదులెండి, బోను తలుపు తీసింది, అంతే. గ్యాంగ్‌మన్ భర్తకు ఎప్పుడు పట్టాల పనికి పిలుపొస్తుందోనని ఏళ్ల తరబడి హడావిడిగా వడ్డించిన మనిషి కాబట్టి, తినేవాళ్లను కదిలిస్తే ఒప్పుకోదు. ఎవరైనా కంచం ముందు కూర్చున్నారంటే, పిలవడానికి వచ్చినవాళ్లకు గుమ్మంలోనే చెయ్యి అడ్డం పెడుతుంది. బోనులో పడ్డ ఎలుకను చంపడానికి మనసొప్పక, రోజూ పొద్దున్నే పట్టాల అవతల వదిలి వస్తుంది. ఆ చవితినాడు ఒక చేత్తో బోను, ఇంకో చేత్తో పాలగ్లాసు పట్టుకుని పట్టాల అవతలి పుట్ట దగ్గరికి వెళ్లింది.

బోను తలుపు తీసి ఎలుక బయటికి దూకగానే, పుట్ట పక్కనే ఉన్న నాగుపాము ఒక్క కాటు వేసి వదిలేసింది. ఎలుక కొంత దూరం పరుగెత్తి, మత్తుగా తూలి, ఎండలో నిద్రపోతున్నట్టు ఒరిగిపోయింది. పాముకు తొందర లేదు. నాలుక ఆడిస్తూ, వాసన వెంట కలలో నడిచినట్టు వెళ్లి, తలవైపు నుంచి మింగసాగింది. ఇంతలో కాలనీ చౌకీదారు పామును చంపడానికి కర్ర ఎత్తి వచ్చాడు. "హటో అమ్మా, మార్ దేతా హూఁ!"

సూరమ్మ చెయ్యి అడ్డం పెట్టింది. "ఖానే దో బాబూ, తిననీ! తిన్నాక దాని దారిన అది పోద్ది."

ఎలుక తోక కూడా లోపలికి పోయి, పాము పుట్టలో దూరేదాకా ఆ చెయ్యి దిగలేదు. పాము చూడనైనా చూడని పాలు ఇంటికి తిరిగొచ్చాయి.

సాయంత్రం పక్కింటి ఉమారాణి వచ్చి, "పిన్నీ, పాముకి ఎలకని పెట్టీసేవట కదా?" అంది.

సూరమ్మ ఆ పాలతోనే కాచిన టీ ఆమె చేతికిచ్చింది. "తాగినప్పుడు మాటలేటే? పామూ నేదు, ఎలకా నేదు. పుట్టలో పాలు పోసొచ్చీసేను, అంతే."