తమ్ముడి సమాధికి సున్నం

మా తమ్ముణ్ని పూడ్చిపెట్టిన రోజు మా అమ్మను ఏడవనివ్వలేదు. మెదడువాపు జ్వరం వచ్చి చిత్తూరు ఆసుపత్రికి తీసుకెళ్ళినవాణ్ని మర్నాటికే వెనక్కి మోసుకొచ్చాం. ఇంకా మీసం కూడా సరిగా రాని పిల్లోడు. అమ్మ గుండెలు బాదుకుంటూ నోరు తెరిచేసరికి మా ఏసు గుడి పాస్టరు అయ్యగారు చెయ్యెత్తి ఆపారు. ఏసు సమాధిలోంచి లేచాడని నమ్మినవాళ్ళు, నమ్మకం లేనివాళ్ళ మాదిరి శోకాలు పెట్టకూడదట. "నీ కొడుకు నిద్రపోతాండాడు తల్లీ. లేస్తాడు. మళ్ళా సూస్తావు," అన్నారు. అమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది.

ఆమె తల్లి, మా అవ్వ, మతంలోకి రాకముందు చుట్టుపక్కల పల్లెల్లో ఎవరు పోయినా శోకం ఎత్తుకోవడానికి పిలిపించుకునే మనిషి. ఆ గొంతే అమ్మకూ వచ్చింది. అంతటి గొంతును మింగేసి కూర్చుందంటే అయ్యగారి మాట మీద ఎంత నమ్మకం పెట్టుకుని ఉండాలి! నాకు ఇప్పటికీ ఆయన మీద కోపం పోలేదు.

మాది పుత్తూరు దగ్గర పల్లె. ఈస్టరు ముందు శనివారం మావాళ్ళంతా సమాధులకు సున్నం కొడతారు. ఆదివారం తెల్లవారుజామున కొవ్వొత్తులు పట్టుకుని అక్కడికే పోయి ప్రార్థన చేస్తారు. అమ్మ ఇంటి గోడలనైనా వదిలేసేది గానీ తమ్ముడి సమాధిని వదిలేది కాదు. "వాడు లేసేటప్పటికి శుబ్రంగా ఉండాల మే," అనేది నాతో. నాకు నవ్వు రాలేదు. నేనూ నమ్మినదాన్నే.

ఆ తర్వాత తిరుపతిలో ఎం.ఏ. చరిత్రలో చేరాను. అవి డెబ్బయ్యో దశకం చివరి ఏళ్ళు. నుదుట నామం దిద్దుకుని వచ్చే మా మాస్టారు ఒకటే మాట పదేపదే చెప్పేవారు. ఒక సంగతికి రెండు ప్రతులుంటే ముందు పాతదాన్ని చూడండి, తర్వాత రాసేవాడు తనకు తక్కువనిపించింది కలుపుతాడు, అని. స్థలపురాణాలను శాసనాల పక్కన పెట్టి ఏది ఎప్పుడు కలిసిందో విప్పి చూపిస్తుంటే క్లాసులో అందరికంటే ఎక్కువగా నవ్విందాన్ని నేనే. నా వంతు వస్తుందని తెలీక నవ్వాను.

లైబ్రరీలో ఒక పుస్తకంలో కనబడింది. ఏసు కథ చెప్పే నాలుగు సువార్తల్లో ముందు రాసిందని పండితులు చెప్పేదాని చివరి అధ్యాయం సంగతి. ఏసును పెట్టిన సమాధి దగ్గరికి ఆడవాళ్ళు వెళ్తారు. రాయి తొలగి ఉంటుంది, లోపల శవం ఉండదు. ఆయన లేచాడని తెల్లబట్టల యువకుడొకడు చెబుతాడు. వాళ్ళు వణికిపోయి పారిపోతారు, భయంతో ఎవరికీ ఏమీ చెప్పరు. మనకు దొరికిన బాగా పాత ప్రతుల్లో కథ అక్కడితో సరి. ఏసు కనబడి మాట్లాడిన భాగం తర్వాతెవరో చేర్చిందట.

ఆయన్ని చూశామన్నవాళ్ళ మాట అంతకంటే ముందు రాసిన, బైబిల్లోనే ఉన్న ఒక ఉత్తరంలో ఉందనీ చదివాను. ఏసు లేచాడా లేదా అన్నది చరిత్ర ఇటూ తేల్చలేదు, అటూ తేల్చలేదు. కానీ నా తమ్ముడు లేస్తాడా అన్నది దాని మీదే ఆధారపడి ఉంది. తేలని సంగతిని పట్టుకుని ఎన్నేళ్ళు సున్నం కొట్టగలం? పాత ప్రతి ఏదని అడగడం నేర్పిన మాస్టారు, జవాబు దొరికాక ఇంటికెళ్ళి ఏం చెయ్యాలో నేర్పలేదు.

ఆ ఈస్టరుకు, చదువుకున్న పిల్లనని సమాధుల దగ్గర వాక్యం చదవమన్నారు. సరిగ్గా ఆ అధ్యాయమే. ఆడవాళ్ళు భయపడి పారిపోయిన చోటుకు వచ్చాక నా నోరు ముందుకు సాగలేదు. కావాలని ఆపింది కాదు. అయ్యగారు ఒక్క క్షణం చూసి, మిగతాది కంఠస్థంగా ఆయనే చెప్పేశారు.

ఇంటికొచ్చాక అమ్మ గోళ్ళల్లో ఇరుక్కున్న సున్నం గీరుకుంటూ అడిగింది.

"ఆడ యాల నిలిపేసినావు?"

"పాత ప్రతుల్లో ఆడికే ఐపోతాదంటమా. మిగతాది తర్వాత ఎవురో కలిపినారంట."

"అంటే ఆ ఆడోళ్ళు ఆయన్ని సూడ్లేదా?"

"సూసినట్టు ఆడ రాయలేదు. ఉత్త సమాధి సూసి బయపడి పరిగెత్తినారు."

"ఇంత సదివినావు గదా. ఆయన లేసినాడా, లేదా? అది సెప్పు."

"నాకు తెలీదమా."

అమ్మ చేతులు ఆగిపోయాయి. "మనోడు?" అంది.

అబద్ధం చెప్పడం నాకు చేతకాలేదు, నిజం నా దగ్గర లేదు.

అమ్మ లేచి వాకిట్లోకి పోయి కూలబడింది. అమ్మలో అవ్వ గొంతు అప్పుడు విన్నాను. "నిద్రపోతాండావంటే నమ్మితిని గదరా నాయనా! ఇదేం నిద్రరా నాయనా!" కొత్తగా ఎవరో పోయారనుకుని వీధంతా పరిగెత్తుకొచ్చింది. అయ్యగారూ వచ్చి, పండగపూట ఇదేందమ్మా అన్నారు. అమ్మ ఆయన వైపు చూసి, "ఆ పొద్దే ఏడవనిచ్చుంటే ఈపాటికి ఐపోయుండును గదయ్యా," అంది.

ఏడిస్తే బరువు దిగుతుందంటారు. అమ్మకు దిగలేదు. అప్పటిదాకా కొడుకు ఎక్కడో ఉన్నాడు, ఆ రోజు చచ్చిపోయాడు. తర్వాత ఆమె గుడికి పోతూనే ఉంది, పాట మాత్రం అందుకునేది కాదు.

మరుసటేడు ఈస్టరు ముందు శనివారం తిరుపతి నుంచి పొద్దున్నే వచ్చాను. అమ్మ ఏమీ మొదలుపెట్టలేదు. సున్నపురాళ్ళు నేనే తెచ్చి కుండలో వేసి నీళ్ళు పోశాను. అవి బుసబుసమని ఉడుకుతుంటే కుంచె తీసుకుని, పోదాం రామ్మా, అని పిలిచాను.

అమ్మ గడపలో నిలబడి కుండ వైపు చూసింది.

"ఎవురు లేస్తారని మే?" అంది.