పొద్దుటి షిఫ్టు

లేసు ముడివేసే ముందు ఆమె ఎప్పుడూ చూపుడువేలు బూటులోకి దూర్చి చూసుకునేది. వేలు పట్టేంత చోటుండాలి. ముప్పై కిలోమీటర్లు దాటాక పాదం ఉబ్బుతుంది. ఇది తెలియక మొదటి మారథాన్‌లో రెండు కాలిగోళ్ళు పోగొట్టుకుని పదకొండో స్థానంలో వచ్చింది.

అప్పటికి ఆమెకు ఇరవై రెండేళ్ళు. పెద్దాసుపత్రి లాండ్రీలో పని. రోజుకు ఆరువందల దుప్పట్లు ఉతకాలి, వేడి రోలర్ల మధ్య నుంచి తీయాలి, మడతపెట్టాలి. అక్కడ గోడలకు కూడా చెమట పట్టేది. ఆమెది ఉదయం ఐదు నుంచి ఒంటిగంట దాకా షిఫ్టు. కోచ్ మాత్రం తెల్లవారుజామున మైదానంలో ఉండాలన్నాడు, లేదంటే అసలు రావద్దన్నాడు.

షిఫ్టు మారే వేళ ఆమె మొహం వేలాడేసుకుని దుప్పటి మడుస్తుంటే, అవతలి కొస పట్టుకున్న అక్క సంగతేమిటని అడిగింది. సొంత అక్క కాదు. పదేళ్ళు పెద్ద, మధ్యాహ్నం షిఫ్టు మనిషి.

"ఓస్, ఇంతేనా? నీ పొద్దుటి షిఫ్టు నాకిచ్చెయ్. నాకెలాగూ మూడింటి నుంచి నిద్ర పట్టదు. మంచం మీద దొర్లే బదులు ఇక్కడికొచ్చి దొర్లుతా."

అలా మారిన షిఫ్టు పంతొమ్మిదేళ్ళు అలాగే ఉండిపోయింది.

ఆ పంతొమ్మిదేళ్ళలో ఆమె ఏడుసార్లు జాతీయ విజేత అయింది. ఒక ఏడు మడమ ఎముక చిట్లి ఇంట్లో కూర్చుంది, ఇంకో ఏడు కొడుకు పుట్టాడు. లాండ్రీలో ఆమె పేరు పోయి 'ఎక్స్‌ప్రెస్' మిగిలింది. "మా ఆవిడ నా బస్సుకన్నా ముందొస్తుంది, టికెట్టూ తీసుకోదు," అనేవాడు కండక్టరైన భర్త. ఒంటిగంటకు ఆమె వచ్చేసరికి అక్క ఏప్రన్ విప్పుతూ ఉండేది. "ఎంత?" అని అడిగేది. ఆమె కిలోమీటర్లు చెప్పేది. "నేను మూడొందల దుప్పట్లు. నువ్వే ఓడిపోయావ్," అని అక్క వెళ్ళిపోయేది.

నలభై ఒకటో ఏట ఎనిమిదోసారి గెలిచింది. ఫినిష్ గీత దగ్గరే సెలెక్టర్ ఆమె చెయ్యి పట్టుకున్నాడు. వచ్చే ఏడాది ప్రపంచ పోటీ. ఆమె ఇంతవరకూ అందుకోనిది అదొక్కటే. ఇంకొక్క ఏడాది సాధన చేస్తే చోటు ఖాయం. రేపటికల్లా మాట చెప్పాలన్నాడు.

ఆ ఒక్క ఏడాదీ పొద్దుటి షిఫ్టు చూసుకోమని అడగడానికి ఆ సాయంత్రమే అక్క ఇంటికి వెళ్ళింది.

అక్క కూతురు తలుపు తీసింది. ముందు గదిలో అక్క కుర్చీలోనే నిద్రపోతోంది. నోరు తెరుచుకుని ఉంది. ఒక చెప్పు కాలికి, ఒకటి నేల మీద. ఇంకా ఆరున్నరే.

"ఒంట్లో బాలేదా?"

"భలేదానివి పిన్నీ! రోజూ ఇంతేగా. పొద్దున రెండు అలారాలు మోగి, నేను దుప్పటి లాగితే గానీ లేవదు."

"మూడింటి నుంచి నిద్ర పట్టదు కదా తనకి?"

కూతురు నవ్వింది. "అమ్మకా? నిద్ర పట్టకపోవడమా? ఎవరు చెప్పారు నీకు?"

ఆమె గోడకు ఆనుకుంది. వాన పడిందని, ఒళ్ళు నొప్పులని తను సాధన మానుకున్న రోజులున్నాయి. అక్క మానుకున్న రోజు ఒక్కటీ లేదు.

మాటలకు అక్క కళ్ళు తెరిచింది. "వచ్చావా? కప్పేదీ?"

"ఇంట్లో ఉంది. అక్కా, రేపటి నుంచి పొద్దుటి షిఫ్టు నాది."

అక్క కూతురి వైపు చూసింది. "వాగేశావుటే?"

"నేనేం వాగాను!"

"పిచ్చిదానా, ప్రపంచ పోటీ అటగా? టీవీలో చెప్పారు. ఇంకో ఏడాదికి నేనేం అరిగిపోను."

"ఎప్పుడో అరిగావక్కా. నేనే చూసుకోలేదు."

"మరి పరుగు?"

"సాయంత్రాలు పరిగెత్తుతాలే."

"సాయంత్రం పరుగుకి కప్పులివ్వరే."

"ఎనిమిదున్నాయి. దుమ్ము తుడవలేక చస్తున్నా. అవైనా నావి కావు, నీ నిద్రవి."

అక్క కింద పడ్డ చెప్పును కాలితో వెతుక్కుంటూ, "పొద్దున్నే రోలర్లు వేడెక్కించడం మరిచిపోయుంటావ్. ఆవిరి మీట ఎడమకి తిప్పు. కుడికి తిప్పావో, ఆసుపత్రంతా తడి దుప్పట్ల మీద పడుకోవాలి," అంది.

మర్నాడు ఐదింటికి ఆమె లాండ్రీ తాళం తీసింది. ఎనిమిదింటికి ఆఫీసు గదిలో ఫోనెత్తి, రాలేనని, అడిగినందుకు మేలు మరువనని సెలెక్టర్‌కు చెప్పింది. చేతులు తుడుచుకుని మళ్ళీ రోలర్ల దగ్గరికి వెళ్ళింది.