జొన్నరొట్టెలో పల్లిపిండి

యాభై ఏళ్లుగా మోస్తున్నాను. చెప్పుకుంటే చిన్న విషయమే. మొగుడి రొట్టెలో ఏదో కలిపానంటే ఎవరైనా నవ్వుతారు. నవ్వండి. నాకు మాత్రం ఏనాడూ నవ్వు రాలేదు. మా ఆయనకు చెప్పలేదు, కన్న పిల్లలకు చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టే మీకు చెబుతున్నాను. మధ్యలో నీతులు చెప్పకండి, వినే ఓపిక నాకు లేదు.

గోదావరిఖనిలో గనులు తెరిచిన కొత్తలో మా ఆయన, ఆయన తమ్ముడు కలిసి పనిలో చేరారు. ఇద్దరూ భూమి కింద బొగ్గు నింపేవాళ్లు. డెబ్బయ్యో దశకం మొదట్లో ఒకరోజు కప్పు కూలింది. మరిదిని గుడ్డలో చుట్టి తెచ్చారు. మా ఆయన కాలు విరిగి బయటపడ్డాడు. ఎముక అతుక్కున్నాక ఆయనకు పైనే, లాంప్ రూంలో డ్యూటీ ఇచ్చారు. కిందికి దిగేవాళ్లకు టోపీ దీపమూ, నడుముకు కట్టుకునే బ్యాటరీ బెల్టూ అందించే పని.

నాకు అంతకన్నా ఏం కావాలి? పొద్దున వెళ్లిన మనిషి సాయంత్రం నిండుగా ఇంటికి వస్తాడు. ఆయనకు మాత్రం అది తలకొట్టేసినట్టుండేది. నెలలకొద్దీ మంచంలో ఉండి, ఆ తర్వాత కూర్చునే పని చేసి పొట్ట పెరిగింది. నిన్నటి జతగాళ్లకు తన చేతులతోనే బెల్టులిచ్చి, వాళ్లు దిగుతుంటే చూస్తూ నిలబడటం ఆయన వల్ల కాలేదు. దవాఖానకు వెళ్లి, మళ్లీ కింది పనికి పనికొస్తానని కాగితం రాయమని అడిగాడు. డాక్టరు ఆయన పొట్ట మీద తట్టి, ఇది తగ్గించుకొని మూడు నెలల్లో రా, అప్పుడు రాస్తాను అన్నాడట.

ఆ మర్నాటి నుంచి సైకిలే సైకిలు. తెల్లవారుతూనే కమాన్‌పూర్ దారి పట్టేవాడు. మొదట సగం దూరం, తర్వాత ఊరిదాకా. తడిసి ముద్దై వచ్చేవాడు. అన్నం మానేశాడు, చాయ్ మానేశాడు. పూటకు రెండు జొన్నరొట్టెలు, ఇంత ఆకుకూర, పల్చటి మజ్జిగ. నెల తిరిగేసరికి, డ్యూటీలో ఓ బ్యాటరీ బెల్టు నడుముకు కట్టి చూసుకుంటే ఒక రంధ్రం లోపలికి వచ్చిందని చెప్పి మురిసిపోయాడు. ఇంకో రెండు రంధ్రాలు తగ్గితే మళ్లీ కిందికే.

మర్నాడే మొదలుపెట్టాను. పల్లీలు దోరగా వేయించి, పొట్టు ఊది, మెత్తగా దంచి జొన్నపిండిలో కలిపాను. అది కలిస్తే రొట్టె తట్టేటప్పుడు అంచులు పగులుతాయి. తడిచేత్తో దిద్దేదాన్ని. ఆకుకూరలో నూనె, మజ్జిగలో మీగడ. ఆయన సైకిలు దూరం పెంచితే నేను పల్లీలు పెంచాను. ఉత్త జొన్నరొట్టె నా చేతిలో ఇంత కమ్మగా ఎలా వస్తుందో అని మెచ్చుకుంటూ తినేవాడు. పొద్దున ఆయన తొక్కి తొక్కి కరిగించుకున్నదంతా మధ్యాహ్నానికి నేను మళ్లీ ఆయన ఒంటికి అంటించేదాన్ని.

సిగ్గుపడాలా? పడను. మరిది ముఖం మీది గుడ్డ తీయొద్దని అందరూ అన్నారు. నేను తీసి చూశాను. అది చూసినవాళ్లు ఎవరైనా ఉంటే రండి, వాళ్లతో మాట్లాడతాను. మిగతావాళ్లకు నేను జవాబు చెప్పనక్కర్లేదు.

మూడో నెలలో బెల్టు మళ్లీ పాత రంధ్రానికే వెళ్లింది. గడువు నాడు ఆయన దవాఖానకు వెళ్లి వచ్చి, సైకిలు గోడకు ఆనించి, చెప్పులు కూడా విడవకుండా గడపలో కూర్చున్నాడు. నేను చాటలో బియ్యం ఏరుతున్నాను.

"డాక్టరు నన్ను దొంగ అన్నడే," అన్నాడు. "ఇంట్ల రొట్టె తిని, హోటల్ల పూరీలు మింగుతున్నవ్, మల్ల నా ముందు అబద్ధాలాడుతున్నవ్ అన్నడు. లైన్ల నిలబడ్డోళ్లందరు నవ్విండ్రు."

నేను బియ్యంలో రాళ్లు ఏరుతూనే ఉన్నాను.

"నువ్వన్న చెప్పు. నా తిండి నీకెరుకనే గద. నేను గట్ల తిన్ననా?"

అప్పుడు చెప్పి ఉండొచ్చు. చెప్పకపోయినా, ఊరుకుని ఉండొచ్చు. నేనన్నాను:

"నాకేమెరుక? ఇంట్లున్నంతసేపే నాకెరుక. బయటికి పోయినంక ఏం తింటున్నవో నేనేమన్న ఎన్కెంబడి వచ్చి చూస్తున్ననా?"

"నువ్వు గూడనా," అని లేచి వెళ్లిపోయాడు. మళ్లీ ఆ సైకిలు మీద కమాన్‌పూర్ దారి పట్టలేదు. మళ్లీ కిందికి రాయమని ఎవరినీ అడగలేదు.

ఆ మాట ఎందుకన్నాను? దొరికిపోతాననే భయమా? కాదు, భయమైతే నోరు మూసుకునేదాన్ని. కట్టుకున్నదే నమ్మక, తన మీద తనకే నమ్మకం పోతే తప్ప ఆ మనిషి ఊరుకోడని, మళ్లీ మూడు నెలలు, మళ్లీ మూడు నెలలు అంటూ తొక్కుతూనే ఉంటాడని నాకు తెలుసు. తెలిసే అన్నాను. ఎన్నిసార్లు తిప్పి చూసుకున్నా అదే తేలుతోంది. పల్లిపిండి ఈరోజైనా మళ్లీ కలుపుతాను. ఆ మాట మాత్రం, ఏ లెక్కన సమర్థించుకోను?

తర్వాత ఆయన బయట తినడం పూర్తిగా మానేశాడు. డ్యూటీలో ఎవరు చాయ్ పోసినా వద్దనేవాడు. పెళ్లిళ్లకు వెళ్లి అక్షింతలు వేసి, విస్తరి ముందు కూర్చోకుండా వచ్చేసేవాడు. నోరు కదులుతుంటే ఎవరైనా చూస్తారేమోనని బజారులో వక్కపలుకు కూడా వేసుకోలేదు. రిటైరయ్యాక కూడా అంతే. బతికినన్నాళ్లూ నా చేతి ముద్ద ఒక్కటే తిన్నాడు. అదొక్కటే నమ్మాడు.

పోయిన ఏడాది తన మంచంలో, ఒంటి మీద ఒక్క గాటు లేకుండా పోయాడు. నేను కోరుకున్నది అదే. దొరికింది. అందుకు క్షమించమని ఆయనను అడగను, మిమ్మల్నీ అడగను. గడపలో కూర్చుని ఆయన అడిగిన దానికి జవాబు మాత్రం బాకీ ఉండిపోయింది. ఇన్నేళ్లకు నోరు తెరిచి చెబుతున్నాను. చెబుతుంటే ఊపిరి ఆడుతోంది.

నువ్వేం తినలే. నేనే పెట్టిన.