అయిదో లైటు

నా చిన్నప్పుడు మా గోదావరిఖని కాలనీ వాళ్లు నలుగురు కలిసి మోటారు బండ్ల మీద ఎక్కడికి పోవాలన్నా, మా పక్క క్వార్టర్ కాకను ముందు పెట్టుకునేవారు. బొగ్గుబాయిలో ఆయన చేతి కింద ఒక ముఠా పనిచేసేది. షిఫ్టు అయ్యాక తన మనుషులంతా పైకి వచ్చేదాకా ఆయన ఇంటి దారి పట్టేవాడు కాదట.

నాకేమో లెక్కల పిచ్చి. ఎవరూ నేర్పకుండానే కూడికలు వచ్చేశాయి. కనబడ్డవన్నీ లెక్కపెట్టేదాన్ని. ఒక ఎండాకాలం మా చిన్నమ్మ కూతురి పెళ్లి ఖాయం చేసే వరపూజకని కాసిపేటకు ఆరు బండ్లు బయలుదేరాయి. కాక నన్ను తన వెనక కూర్చోబెట్టుకొని, మన వెనక అయిదు లైట్లు వస్తున్నాయో లేదో చూస్తుండమన్నాడు.

పట్టపగలు లైట్లు వేయించినందుకు అందరూ నవ్వారు. “సూర్యుడు కనబడ్తలేడా కాకా?” అన్నాడు మా అన్న. అన్నకు బండి తోలడం కొత్త. అందుకే కాక వాణ్ణి తన వెంటనే రమ్మని, చెయ్యి తిరిగిన మా బావను అందరికంటే ఆఖరున పెట్టాడు. “అవ్వ కొంగు వట్టుకోని పో, బామ్మర్దీ” అని బావ చురక అంటించాడు. అన్న ముఖం మాడిపోయింది.

ఆ మాటే వాణ్ణి గుచ్చినట్టుంది. గోదావరి వంతెన దాటాక బండి పక్కకు తీసి, అందర్నీ పోనిచ్చి, బావకు కూడా వెనక పడ్డాడు. ముందు దారి ఖాళీ అయితే గట్టిగా తోలొచ్చని. వస్తాడులే అనుకొని బావ ముందుకొచ్చేశాడు. ఈ సంగతి నాకు తర్వాత తెలిసింది.

బొగ్గు క్వారీ దగ్గర పడుతుండగా సైరన్ మోగింది. కాసేపటికి బండి కింద నేల అదిరింది. క్వారీలో బండను పేల్చిన దుమ్ము మబ్బులా వచ్చి రోడ్డును కమ్మేసింది. కాక దారి చీలే చోట బండి ఆపాడు. ఎడమకు తిరిగేది మా దారి. నేరుగా కనిపించేది పాత రోడ్డు. క్వారీ తవ్వుకుంటూ వచ్చి దాన్ని మధ్యలోనే తెంపేసింది.

దుమ్ములోంచి లైట్లు ఒక్కొక్కటే వచ్చి మా పక్కన ఆగాయి. ఎవరి ముఖాలూ తెలియడం లేదు, తువ్వాలలు చుట్టుకున్నారు.

“అయిదు అయినయ్ కాకా! ఇగ పోదాం.”

“లైట్లు గాదు బిడ్డా, మొకాలు చెప్పు.”

చెప్పలేకపోయాను. కాక అందరి తువ్వాలలూ దింపించాడు. అయిదోవాడు ఎవరో పాలక్యాన్ల మనిషి. దుమ్ముకు భయపడి లైటు వేసుకొని మా గుంపు వెనక చేరాడట. “నేనేం జేసిన అన్నా?” అని బిత్తరపోయాడు.

అన్న లేడు.

మా బాపు కొడుకు కోసం బండి వెనక్కి తిప్పబోయాడు. కాక హ్యాండిల్ పట్టుకున్నాడు. “గీ దుమ్ముల ఎదురు పోతె వాడు నిన్నే గుద్దుతడు. ఆగు.” పాలాయన బండితో సహా ఉన్న బండ్లన్నిటినీ పాత రోడ్డుకు అడ్డంగా, లైట్లు అన్న వచ్చే వైపు పెట్టి నిలబెట్టించాడు. మమ్మల్ని పక్క గట్టు మీదికి ఎక్కించాడు.

ఏ లైటూ రాలేదు. ముందు చప్పుడు వినబడింది, చాలా జోరుగా. తర్వాత బ్రేకు కీచుమంది. అన్న బండితో సహా ఒరుసుకుంటూ వచ్చి, బావ బండికి చేతికందేంత దూరంలో ఆగాడు. మోకాలు చెక్కుకుపోయింది. లేచి, “నడి రోడ్డు మీద దుకానం వెట్టిండ్రేంది?” అని నవ్వాడు.

కాక తిట్టలేదు. వాణ్ణి చెయ్యి పట్టుకొని బండ్ల అవతలికి, రోడ్డు తెగిన చోటికి తీసుకుపోయాడు. ఒక రాయి తీసి దుమ్ములోకి విసిరాడు. అందరం చెవులు పెట్టి విన్నాం. చప్పుడు రాలేదు. అన్న నవ్వు ఆగిపోయింది.

ఇప్పుడు మా కాలనీ పిల్లలు గుంపుగా బండ్ల మీద పోతే, మలుపు మలుపుకూ స్కూటర్ ఆపి లెక్క చూసే పని నాదే. లెక్క సరిపోయినా హెల్మెట్ అద్దం ఎత్తి ముఖం చూపించమంటాను. “అక్కా, నువ్వేమన్న పోలీసువా?” అని నవ్వుతారు. నవ్వనీ. లెక్క సరిపోయినప్పుడే నాకు భయం ఎక్కువ. ఆ రాయి కింద పడ్డ చప్పుడు నాకు ఇంకా వినబడలేదు.