సారు నింపిన గ్యాలరీ

బుధవారం. పొద్దున మబ్బు, వాన లేదు. టెన్నిస్ కోర్టు తడిపి రోలరు లాగుతుండగా ఆస్పత్రి నుంచి ఫోను వచ్చింది. తెల్లవారుజామున సారు పోయారట. సగంలో ఆపితే మట్టి ఎగుడుదిగుడుగా ఆరిపోతుందని, మిగతా సగం కూడా లాగేసి బయల్దేరాను.

ఆయనను మీలో చాలామంది చూసి ఉండరు. చిత్తూరులో పుట్టి, టెన్నిస్ ఆడుతూ దేశమంతా తిరిగి, మోకాలు చెడ్డాక తిరుపతి చేరారు. ఆటనే నమ్ముకుని బతికేవాళ్ళ పోటీలు ఇక్కడ జరగాలని ఊరి చివర ఈ ఎర్రమట్టి కోర్టు వేయించి, దాని పనికి నన్ను పెట్టుకున్నారు. ఆటగాళ్ళు వచ్చారు. చూసేవాళ్ళే రాలేదు. మొదటి ఏడు గ్యాలరీ ఖాళీ మెట్ల వైపు చూడలేక సారు గేటు దగ్గరే నిలబడ్డారు.

మరుసటి ఏడు లాడ్జీల చుట్టూ తిరిగి, దర్శనానికి ఇంకా వ్యవధి ఉన్న యాత్రికులను పిలిచారు. “రాత్రికి గదప్పా నీ దర్శనం. అంతదాకా రూములో ఏం జేస్తావు? మా కాడ నీడుండాది, మజ్జిగుండాది. వచ్చి కూసో.”

మధ్యాహ్నానికి మెట్ల నిండా గంధం పూసిన బోడిగుండ్లు. పుణె కుర్రాడొకడు సర్వీసుకు బంతి ఎగరేయగానే అందరూ ఒక్క గొంతుతో “గోవిందా” అన్నారు. బంతి నెట్టుకు కొట్టాడు. మళ్ళీ ఎగరేశాడు, మళ్ళీ గోవింద. వాళ్ళను ఊరుకోమనమని అంపైరు అడిగితే సారు ఒప్పుకోలేదు. తనే కుర్రాడి దగ్గరికి వెళ్ళి ఏదో చెప్పి వచ్చారు. ఏం చెప్పారని తర్వాత అడిగాను.

“నేను గెలిసినప్పుడు సప్పట్లు కొట్టేదానికి ఒక మనిషి లేడప్పా. నీకు ఇంతమంది ఉండారు, ఆడుకో అంటిని.”

సాయంత్రం అందరూ పోయాక ఆయనా నేనూ కాసేపు ఆడేవాళ్ళం. ఆయన మోకాలు వంగదు కనుక బంతి చేతికి అందేలా వేసేవాణ్ణి. ఇద్దరికీ ఇంటి దగ్గర ఎదురుచూసేవాళ్ళు లేరు. ఆ సంగతి ఎప్పుడూ మాట్లాడుకోలేదు. చీకటి పడితే నెట్టు వదులు చేయమని గుర్తు చేసేవారు. “రాత్రంతా బిగిచ్చి పెడితే దానికీ నడుము నొస్తాది.”

ఈ నెలాఖరుకు పోటీలు. శ్మశానం నుంచి వస్తుంటే ఒక ఆటగాడు ఫోను చేశాడు. సంగతి చెప్పాను. పోటీలు ఉంటాయా అని మెల్లగా అడిగాడు. నాకు తెలియదు. కోర్టు మాత్రం సిద్ధంగా ఉందన్నాను.

దారిలో ఒక లాడ్జీ ముందు ఆగాను. వరండాలో యాత్రికులు కూర్చుని ఉన్నారు. కొత్తవాళ్ళతో మాట్లాడటం నాకు చేతకాదు. కాసేపు నిలబడి వచ్చేశాను.

సాయంత్రం గీతలకు సున్నం వేశాను. ఒక బంతి అవతలికి, ఆయన చేతికి అందే ఎత్తులో వేశాను. అది పోయి వెనక కంచెకు తగిలి ఆగింది. చీకటి పడింది. నెట్టు వదులు చేశాను.